పోల్ ‘రాయవచ్చు’ అన్నంత మాత్రాన సాకెట్ కలిసినట్టు కాదు

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది: నాన్‌బ్లాకింగ్ సాకెట్‌తో (నెట్‌వర్క్ మీద మాట్లాడేందుకు ప్రోగ్రామ్ తెరిచే, పని పూర్తయ్యేదాకా ఆపని ద్వారం) కనెక్ట్ పిలిచారు, ఈఇన్‌ప్రోగ్రెస్ (‘పని ఇంకా సాగుతోంది’) వచ్చింది. కాసేపటికి పోల్, అంటే సాకెట్ ఎప్పుడు సిద్ధమో చెప్పే సిస్టమ్ కాల్, ‘రాయవచ్చు’ అంది. తీరా రాయబోతే ప్రోగ్రామే ఆగిపోయింది. చూస్తే అవతల సర్వర్ నడవడమే లేదు.

పోల్ అబద్ధం చెప్పలేదు. కనెక్షన్ ప్రయత్నం తేలిపోయిందన్నదే ఆ కబురుకు అర్థం. కుదిరిందో బెడిసిందో తెలియాలంటే గెట్‌సాక్‌ఆప్ట్ అనే కాల్‌తో ఎస్‌ఓ_ఎర్రర్ (సాకెట్‌పై నిలిచి ఉన్న లోపం సంఖ్య) చదవాలి. సున్నా వస్తే కలిసినట్టు. లినక్స్‌లో 111 వస్తే అది ఈకాన్‌రిఫ్యూజ్డ్, అంటే తిరస్కరణ. చాలాసార్లు దీని వెనక జరిగేది ఒకటే: అవతలి యంత్రం బతికే ఉంది, ఆ పోర్టు దగ్గర వినేవారు లేరు, అందుకని మన సిన్ ప్యాకెట్‌కు (కనెక్షన్ అడిగేది) ఆర్‌ఎస్‌టీతో (కాదనేది) బదులిచ్చింది.

ఇక్కడే నేను నాలుగు రాత్రులు పోగొట్టుకున్నాను. అప్పట్లో మాదాపూర్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. మేడ్చల్ వైపు మందులు నిల్వచేసే శీతల గిడ్డంగుల నుంచి ఉష్ణోగ్రతలు సేకరించే ప్రోగ్రామ్ మాది. ఒక్కో గిడ్డంగిలో చిన్న లినక్స్ పెట్టె, మా వైపు అన్నింటినీ కలిపి చూసే ఎపోల్ (చాలా సాకెట్లను ఒకేసారి గమనించే లినక్స్ సౌకర్యం) లూప్. వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె ముందు లేచేది, అందులోని సర్వర్ ప్రోగ్రామ్ ఇంకాస్త ఆలస్యంగా మొదలయ్యేది. ఆ మధ్యలో వెళ్లిన కనెక్షన్లకు తిరస్కరణ రావడం సహజమే. కానీ ఒక్క గిడ్డంగి కాదన్నందుకు మా ప్రోగ్రామ్ మొత్తం కూలిపోయేది, మిగతా గదుల లెక్కలూ ఆగిపోయేవి. చల్లదనం తప్పితే పాడయ్యే మందులవి, నాకు నిద్ర పట్టేది కాదు.

మా కోడ్‌లో ఎస్‌ఓ_ఎర్రర్ తనిఖీ ఉంది. అందుకే అటువైపు ఎవరికీ అనుమానం రాలేదు. లాగ్‌లో 111 అని ఒక వరుస, దాని కిందే ‘కలిసింది’ అని మరో వరుస కనిపించేవి. రెండూ వేర్వేరు ప్రయత్నాలవి అనుకున్నాం. చివరికి ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే పనిముట్టు) పెట్టి చూస్తే, ఒకే సాకెట్‌పై గెట్‌సాక్‌ఆప్ట్ రెండుసార్లు నడుస్తోంది: మొదట లాగ్ రాసే ఫంక్షన్‌లో, తరవాత నిర్ణయం తీసుకునే చోట. ఎస్‌ఓ_ఎర్రర్‌ను ఒకసారి చదవగానే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) దాన్ని చెరిపేస్తుంది. అసలు జవాబు లాగ్‌కు పోయింది, నిర్ణయానికి మిగిలింది సున్నా. ఆ సున్నాను నమ్మి సెండ్ పిలవగానే సిగ్‌పైప్ (కనెక్షన్ లేని చోట రాస్తే వచ్చే సిగ్నల్) వచ్చి ప్రోగ్రామ్‌ను చంపేసింది.

కాబట్టి ఒక్కసారే చదవండి, వేరియబుల్‌లో దాచుకోండి, లాగైనా నిర్ణయమైనా దాన్నే వాడనివ్వండి. సెండ్‌కు ఎంఎస్‌జీ_నోసిగ్నల్ కూడా ఇవ్వండి, అప్పుడు సిగ్‌పైప్ రాదు.

తిరస్కరణ తేలాక అదే సాకెట్‌పై మళ్లీ కనెక్ట్ పిలవకండి. మూసేసి కొత్తది తెరవండి, పోర్టబుల్‌గా నడిచే దారి అదే. మూసిన సాకెట్ నంబరే కొత్తదానికి రావచ్చు. ఎపోల్ ఒకే విడతలో ఇచ్చిన సంఘటనల్లో పాత సాకెట్‌ది ఇంకొకటి మిగిలి ఉంటే అది కొత్తదానికి అంటుకుంటుంది. అందుకని నేను ఆ విడత పూర్తయ్యాకే మూస్తాను.

మళ్లీ ప్రయత్నించే ముందు ఆగడం తప్పనిసరి. తిరస్కరణ క్షణాల్లో వస్తుంది, ఆగకపోతే లూప్ ప్రాసెసర్‌ను మింగేస్తుంది. ఒక సెకను, రెండు, నాలుగు అంటూ అరవై దాకా పెంచుకుంటూ పోయాం. కరెంటు రాగానే మా కనెక్షన్లన్నీ ఒకేసారి మీద పడకుండా ప్రతి విరామానికీ కొంత యాదృచ్ఛిక సమయం కలిపాం.

తిరస్కరణ కూడా రాని సందర్భం వేరు. ఫైర్‌వాల్ ప్యాకెట్లను నిశ్శబ్దంగా పడేస్తే లినక్స్ మామూలు అమరికలో రెండు నిమిషాలకు పైగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. మీ టైమర్ మీరే పెట్టుకోండి. మాకు ఐదు సెకన్లు సరిపోయింది. విండోస్‌లో సెలెక్ట్ వాడితే విఫలమైన కనెక్షన్ మూడో జాబితాలో, అంటే ఎక్సెప్షన్ సెట్‌లో కనిపిస్తుంది, తిరస్కరణ సంఖ్య 10061.

పరీక్షను 127.0.0.1 మీద చేసి ఊరుకోకండి. కొన్ని వ్యవస్థల్లో అక్కడ కనెక్టే నేరుగా ఈకాన్‌రిఫ్యూజ్డ్ ఇచ్చేయవచ్చు, అప్పుడు ఈఇన్‌ప్రోగ్రెస్ తరవాతి దారి అసలు నడవదు. ఆ నేరు తిరస్కరణనూ మీ కోడ్ పట్టుకోవాలి. ఈఇన్‌ప్రోగ్రెస్ దారి కోసం పక్క యంత్రంలో ఎవరూ వినని పోర్టుకు ఒకసారి, ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) డ్రాప్ పెట్టిన పోర్టుకు మరోసారి కనెక్ట్ చేసి చూడండి.