గ్యాస్ గీజర్ టిక్ టిక్ కూడా అనడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట. పై అంతస్తులో ఉంటాం. నిరుడు చలికాలం బాగా పనిచేసిన గ్యాస్ గీజర్ ఇప్పుడు వెలగడం లేదు, కుళాయి తిప్పితే టిక్ టిక్ శబ్దం కూడా రావడం లేదు. సిలిండర్ నిండుగానే ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, చన్నీళ్లు పోసుకోలేదు. గీజర్ బాత్రూంలోనే ఉంది. లైటర్‌తో వెలిగించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: లైటర్ మాత్రం వద్దమ్మా. నీళ్ల ఒత్తిడికి లోపలి స్విచ్ పడితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, కాబట్టి లైటర్ పెట్టినా వెలగదు, ఒకవేళ ఆ వాల్వే లీకవుతుంటే మంట నేరుగా మీ ముఖానికి తగులుతుంది.

టిక్ టిక్ రాలేదంటే ముందు గ్యాస్‌ను అనుమానించకండి. బ్యాటరీలో, నీళ్లలో ఏదో ఒక చోట తేడా ఉంది. గీజర్ అడుగున చిన్న డబ్బాలో రెండు లావు బ్యాటరీలు ఉంటాయి, ఒక్కోటి 1.5 వోల్టులు. ఎండాకాలమంతా అందులోనే వదిలేస్తే కారిపోయి, తగిలే రేకుల మీద తెల్లగానో పచ్చగానో చిలుము పడుతుంది. దాన్ని గరుకు కాగితంతో గీకి, రెండూ ఒకేసారి కొత్తవి వేయండి. పాతదొకటి కొత్తదొకటి కలపొద్దు.

అయినా రాకపోతే నీళ్లు చూడండి, నా అనుమానం ఎక్కువ దీని మీదే. పై అంతస్తు అంటున్నారు, ట్యాంకు మీ నెత్తి మీదే ఉంటుంది, పది అడుగుల ఎత్తు నుంచి దిగే నీళ్లకు ఉండే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే, చాలా గీజర్లకు అది అంతంతమాత్రం, దానికి తోడు మీది బోరు నీళ్లయితే సున్నం పేరుకుని ఉంటుంది. గీజర్‌లోకి నీళ్లు వచ్చే పైపు నట్టు విప్పితే చిన్న జాలీ కనిపిస్తుంది. ముందు నీళ్ల వాల్వు కట్టేసి, ఆ జాలీని తీసి పాత బ్రష్షుతో కడగండి. షవర్ వాడుతుంటే దాని రంధ్రాలూ చూడండి. ఇవన్నీ అయినా స్విచ్ పడకపోతే నీళ్ల ఒత్తిడికి కదిలి స్విచ్‌ను నొక్కే లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగి ఉండొచ్చు, అది మెకానిక్ పని.

ఒకవేళ టిక్ టిక్ వచ్చి మంట రాకపోతే, అప్పుడు రెగ్యులేటర్ చూడండి. సిలిండర్ కొత్తగా మార్చినప్పుడు పైపులో గాలి ఉంటుంది, నిమిషం ఆగి రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే వెలుగుతుంది. వాసన వస్తే మాత్రం ఆపేయండి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే నిలుస్తుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, లైటు స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

మీరు మామూలుగా రాసేశారు గానీ నన్ను భయపెట్టింది గీజర్ బాత్రూంలో ఉందన్న మాట. తలుపు మూసి స్నానం చేస్తుంటే మంట గదిలోని గాలిని తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోతారు. అమ్మ పెద్దావిడ, మోకాళ్ల నొప్పులున్న మనిషి, లేచి గడియ తీయలేరు. మెకానిక్ వచ్చిన రోజే దాన్ని బాల్కనీలోకి మార్పించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి లాగించండి. అప్పటిదాకా పొయ్యి మీద నీళ్లు కాచి ఇవ్వండి.