ఇంప్లాంట్లు పెట్టించుకునే ముందు రెండో ఆపరేషన్ గురించి అడగండి

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. పాపకు పాలు మాన్పించి నాలుగు నెలలైంది. అప్పటినుంచి రొమ్ములు బాగా చిక్కిపోయాయి. హైదరాబాదులో ఒక కాస్మెటిక్ సెంటర్‌లో విచారిస్తే, సిలికాన్ ఇంప్లాంట్లు (రొమ్ములో అమర్చే జెల్ సంచులు) పెడితే సరిపోతుందనీ, ఉదయం చేరి సాయంత్రానికి ఇంటికి వెళ్లవచ్చనీ, వాటికి జీవితకాల గ్యారంటీ ఉందనీ చెప్పారు. డబ్బు వాయిదాలలో కట్టవచ్చట. మావారికి అభ్యంతరం లేదు. మాకు ఇంకొక బిడ్డ కావాలని ఉంది. మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సరే అనే ముందు నేను ఏమేం తెలుసుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీకు చెప్పినవాటిలో సాయంత్రానికి ఇంటికి వెళ్లడం చాలామంది విషయంలో నిజమే. జీవితకాల గ్యారంటీ అన్న మాట మాత్రం మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఇంప్లాంట్ శరీరంలో జీవితాంతం ఉండిపోయే వస్తువు కాదని అమెరికాలోని మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. కంపెనీ ఇచ్చే హామీ సాధారణంగా పగిలిన ఇంప్లాంట్ స్థానంలో కొత్తది ఇవ్వడానికి సంబంధించినది. దాన్ని మార్చడానికి అయ్యే సర్జన్ రుసుము, మత్తుమందు, ఆపరేషన్ థియేటర్ ఖర్చులలో ఎంత ఎవరు భరిస్తారో ఆ కాగితం తెప్పించుకుని చదవండి. 29 ఏళ్ల వయసులో ఇంప్లాంట్లు పెట్టించుకునే స్త్రీకి జీవితంలో మరొక ఆపరేషనైనా అవసరం పడుతుందనుకుని నిర్ణయం తీసుకోవడమే సురక్షితం. వాయిదాల లెక్క కూడా అలాగే వేసుకోవాలి.

రెండో ఆపరేషన్ ఎందుకు వస్తుందంటే, బయటినుంచి వచ్చిన ఏ వస్తువు చుట్టూ అయినా మన శరీరం ఒక పలుచని పొరను అల్లుకుంటుంది. కొందరిలో ఆ పొర మందమై, బిగుసుకుపోయి, ఇంప్లాంట్‌ను నొక్కడం వల్ల రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి కూడా పుడుతుంది. ఇది ఎవరికి వస్తుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. రెండో కారణం ఇంప్లాంట్ పగలడం. ఉప్పునీటితో నింపినది పగిలితే రొమ్ము చప్పబడిపోతుంది కనుక వెంటనే తెలుస్తుంది, ఆ నీటిని శరీరం పీల్చుకుంటుంది. సిలికాన్ జెల్ ఉన్నది పగిలినా పైకి ఏ మార్పూ కనిపించకపోవచ్చు. అందుకే సిలికాన్ పెట్టించుకున్నవారు ఏ బాధా లేకపోయినా అయిదారేళ్లకు మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ సూచిస్తోంది. ఈ పరీక్షల ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో మీరు అడిగి రాయించుకోండి. వాళ్లు చూపించే 'ముందు–తరువాత' ఫొటోలు సాధారణంగా ఆపరేషనైన కొద్ది నెలలకు తీసినవి. పదేళ్లు గడిచినవారి ఫొటోలు ఉన్నాయా అని అడిగితే వచ్చే సమాధానం మీకు చాలా విషయాలు చెబుతుంది.

మూడోది అరుదైనదైనా తెలిసి ఉండాల్సిన ఒక క్యాన్సర్. ఇది రొమ్ము కణజాలంలో పుట్టేది కాదు, ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడిన పొరలో వచ్చే లింఫోమా, అంటే రోగనిరోధక కణాలకు సోకే క్యాన్సర్. పైభాగం గరుకుగా ఉండే రకాలతోనే ఎక్కువగా కనిపించింది. అందుకే 2019లో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏళ్లు గడిచాక ఒక రొమ్ము అకస్మాత్తుగా ఉబ్బితే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. త్వరగా గుర్తిస్తే ఇంప్లాంట్‌నూ దాని పొరనూ తీసివేయడంతోనే ఎక్కువమందికి నయమవుతుంది. మీకు పెట్టేది నునుపు రకమా, గరుకు రకమా అన్నది తప్పక అడగండి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డును ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్‌ను ఇంప్లాంట్లలో నింపినట్లు 2010లో బయటపడినప్పుడు, తమ శరీరంలో ఉన్నది ఆ రకమో కాదో తేల్చుకోవడానికి అలాంటి వివరాలే ఆధారమయ్యాయి.

ఇక మీ సొంత పరిస్థితి. పాలు మాన్పించాక రొమ్ము ఆకారం స్థిరపడడానికి కొన్ని నెలలు పడుతుంది. మీకు నాలుగు నెలలే అయింది. అదీగాక, మళ్లీ గర్భం వస్తే రొమ్ములు పెరిగి తగ్గుతాయి, చర్మం సాగుతుంది, ఈరోజు చేసిన పని అప్పటికి అలాగే నిలవకపోవచ్చు. కాబట్టి రెండో బిడ్డ పాలు మానేవరకు ఆగమనే నా సలహా. ఆగలేననుకుంటే, ఇంప్లాంట్లు ఉన్న తల్లులలో చాలామంది పాలివ్వగలుగుతున్నా, కొందరికి పాలు తగ్గుతాయని గుర్తుంచుకోండి. చనుమొన చుట్టూ కోత పెడితే పాలనాళాలు, నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ, రొమ్ము కింది మడతలో పెడితే తక్కువ. చనుమొన స్పర్శ తగ్గడం కొందరిలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంప్లాంట్ల వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుందని తేలలేదు. కానీ అవి మామోగ్రఫీలో (రొమ్ము ఎక్స్‌రే పరీక్షలో) కొంత కణజాలాన్ని మరుగుపరుస్తాయి. అందువల్ల మీ పెద్దమ్మగారికి ఏ వయసులో జబ్బు వచ్చిందో, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందో డాక్టరుకు చెప్పి, ఆపరేషన్‌కు ముందే రొమ్ము పరీక్షలు పూర్తిచేయించుకోండి. తరువాత ఎప్పుడు మామోగ్రఫీకి వెళ్లినా ఇంప్లాంట్లు ఉన్నట్లు ముందుగా చెబితే అదనపు కోణాలలో తీస్తారు.

ఆపరేషన్ చేసేది ఎవరన్నది అన్నింటికంటే ముఖ్యం. 'కాస్మెటిక్ సర్జన్' అన్న బోర్డు ఒక డిగ్రీ కాదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) చేసినవారేనా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉన్నారా, మత్తు డాక్టరు, అత్యవసర చికిత్స సదుపాయం అక్కడే ఉన్నాయా అని చూడండి. సిగరెట్ అలవాటుంటే మానాలి, రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే చెప్పాలి. అందం కోసం చేయించుకునే ఈ ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా వర్తించదు, పైగా జీఎస్టీ పడుతుంది. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసినవారికి చేసే పునర్నిర్మాణానికి నిబంధనలు వేరు.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. సంబంధాలు చూస్తున్నాం. ఛాతీ చిన్నగా ఉందని మా బంధువులు ఇంప్లాంట్ల మాట ఎత్తారు. ముందు క్రీములు వాడి చూడమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: క్రీములు, మాత్రలు, మర్దన నూనెలు రొమ్ము పరిమాణాన్ని పెంచుతాయనడానికి ఆధారం లేదు, ఆ డబ్బు ఆదా చేసుకోండి. రొమ్ము ఎదుగుదల ఇంకా కొనసాగే వయసు కావచ్చు. అమెరికాలో అందం కోసం పెట్టే సిలికాన్ ఇంప్లాంట్లకు 22 ఏళ్లు, ఉప్పునీటివాటికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టారు. రెండు రొమ్ముల మధ్య తేడా బాగా కనిపిస్తుంటే, లేదా ఒకవైపు అసలు ఎదగకపోతే అది వైద్యపరమైన విషయం, ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించవచ్చు. అదేమీ లేకుండా పెళ్లిచూపుల కోసమే అయితే నేను వద్దంటాను. మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, మీ మాట ఉంది, అమ్మాయి మాట ఎక్కడా లేదు. ఎప్పుడైనా తానే కోరుకుని డాక్టరు దగ్గరికి వెళితే, మొదటి సంప్రదింపుకు ఆమెను ఒంటరిగా లోపలికి పంపి, మీరు బయట కూర్చోండి.