స్థలం కొనే ముందు, జోన్ మార్చమని అడిగే ముందు

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

ఫోన్లో నువ్వు చెప్పిన ఆ మూల స్థలం గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. పాత ఇల్లు బాగుచేయించి పిల్లల డేకేర్ పెట్టాలన్నది మంచి ఆలోచనే. కానీ "రీజోనింగ్ మూడు నెలల్లో అయిపోతుందట, రియల్టర్ చెప్పాడు" అన్నావు చూడు, అక్కడే నాకు గుబులు పట్టుకుంది. ఏ భూమిలో ఇళ్లుండాలో, ఏ భూమిలో వ్యాపారాలుండాలో సిటీ వాళ్లు జోన్‌లుగా విడగొడతారు, ఆ జోన్ మార్పించుకోవడమే రీజోనింగ్. రియల్టర్ మాట నమ్మి క్లోజింగ్‌కి, అంటే స్థలం నీ పేరుకి మార్చే చివరి సంతకాలకి, వెళ్లకు. జోన్ మారితేనే కొంటాను, మారకపోతే నా అడ్వాన్స్ నాకు తిరిగి ఇచ్చెయ్యాలి అన్న షరతు కాంట్రాక్టులో రాయించు. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో స్థలం వెతుక్కో. ఇళ్ల జోన్‌లో ఉన్నదాన్ని వ్యాపార స్థలం ధర పెట్టి కొని, అటు వాడుకోలేక ఇటు అమ్ముకోలేక నలిగిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

అందులో నేనూ ఒకణ్ణి. ఈ అమెరికాకి వచ్చిన కొత్తల్లో ఒక ఇల్లు కొని అకౌంటింగ్ ఆఫీసు పెట్టుకుందామని జనరల్ కమర్షియల్ జోన్‌కి అప్లికేషన్ పెట్టాను. హియరింగ్ రోజున, అంటే అందరి మాటా వినే బహిరంగ విచారణ రోజున, సూటు వేసుకుని వెళ్లి, నా ఆఫీసు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, రోజుకి నలుగురు కూడా రారని వివరంగా చెప్పాను. అందరూ తలలూపారు. నా తర్వాత పక్కవీధి పెద్దావిడ లేచింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆవిడ నా గురించి ఒక్క మాటా అనలేదు. ఆ జోన్‌లో ఏమేం పెట్టుకోవచ్చో సిటీ వాళ్ల పట్టికలోంచి చదివింది: పెట్రోల్ బంకు, టైర్ల షాపు, కార్ వాష్, మద్యం దుకాణం. చదివి, "ఈయన మంచివాడే. రేపు ఈయన అమ్మేస్తే ఎవరొస్తారు?" అని కూర్చుంది. ఏడుగురిలో ఐదుగురు వద్దన్నారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. తర్వాత అదే ఊళ్లో ఆరేళ్లు ప్లానింగ్ కమిషన్‌లో, అంటే ఇలాంటి అప్లికేషన్లు ముందుగా పరిశీలించే సంఘంలో, సభ్యుడిగా కూర్చున్నప్పుడు వారం వారం అదే చూశాను. అమ్మా, వాళ్లు నీ డేకేర్ మీద ఓటెయ్యరు. ఆ భూమి మీద వేస్తారు. జోన్ భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది, నువ్వు అమ్మినా అది పోదు. అందుకని నువ్వు అడిగే జోన్‌లో ఇంకా ఏమేం రావచ్చో ముందు నువ్వు చదువు. ఆ పట్టికలో చెడ్డ పేర్లు ఎన్నుంటే నీకు అన్ని చిక్కులు. "నేను బంకు పెట్టనండీ" అని నోటితో చెప్పే హామీకి విలువ లేదు. ఊరి ఆర్డినెన్సులో (చట్టంలో) అక్షరాలుగా ఉన్నదే లెక్క.

కాబట్టి నీకు సరిపోయే అతి చిన్న మార్పు ఏదో అదే అడుగు. చాలా ఊళ్లలో ఇళ్ల జోన్ అలాగే ఉంచి డేకేర్‌కి స్పెషల్ యూజ్ పర్మిట్ ఇస్తారు. కొన్నిచోట్ల దాన్నే కండిషనల్ యూజ్ అంటారు. నీ ఊళ్లో ఆ దారి ఉంటే రీజోనింగ్ జోలికే పోవద్దు. లేదంటే షరతులతో కూడిన జోనింగో, ప్లాన్డ్ డెవలప్‌మెంటో ఉందేమో అడుగు. అందులో పిల్లల సంఖ్య, పనిగంటలు, కంచె ఎత్తు అన్నీ రాసేస్తారు, పక్కవాళ్ల భయం సగం తగ్గుతుంది. వేరియన్స్ అనే మాట కూడా వింటావు. అది సెట్‌బ్యాక్ (హద్దు నుంచి కట్టడానికి వదలాల్సిన దూరం) లాంటి కొలతల సడలింపు, వేరే బోర్డు చూస్తుంది. దాన్నీ దీన్నీ కలిపెయ్యకు.

అప్లికేషన్ ఫీజు కట్టేముందే ప్లానింగ్ డిపార్ట్‌మెంటుకి వెళ్లి ప్రీ-అప్లికేషన్ మీటింగ్ అడుగు. అక్కడ మొదట అడగాల్సింది ఒక్కటే: "కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో, ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాప్‌లో ఈ స్థలానికి ఏ రంగు ఉంది?" కాంప్రహెన్సివ్ ప్లాన్ అంటే ఊరి దీర్ఘకాల ప్రణాళిక. ఇప్పటి జోనింగ్ మ్యాప్ వేరు, ఆ మ్యాప్ వేరు. ఊరు మున్ముందు ఎలా ఉండాలనుకుంటున్నారో ఆ రంగు చెప్తుంది. అది నీకు అనుకూలంగా ఉంటే ప్లానర్ (ఆ డిపార్ట్‌మెంటు ఉద్యోగి) రాసే స్టాఫ్ రిపోర్ట్ సాధారణంగా నీవైపు మొగ్గుతుంది. లేకపోతే చుట్టూ ఇళ్లుండగా ఒక్క నీ స్థలానికే మేలు చేస్తున్నారని, స్పాట్ జోనింగని పేరుపెడతారు, దానిమీద కోర్టుకెక్కే ప్రమాదం చివరి ఓటు వేసే సిటీ కౌన్సిల్‌కీ ఉంటుంది. ఆ ప్లానర్‌తో మర్యాదగా, ఓపిగ్గా ఉండు. ఓటు లేకపోయినా ఆ మనిషి రాసిన నాలుగు పేజీలే కౌన్సిల్ సభ్యులు ముందురోజు రాత్రి చదివేది.

ఇక ఇరుగుపొరుగు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. సిటీ వాళ్లు చుట్టుపక్కల యజమానులకి నోటీసులు పంపుతారు. టెక్సస్‌లో అయితే 200 అడుగుల లోపు వాళ్లకి. ఆ కవరు విప్పినప్పుడే నీ పేరు మొదటిసారి చూశారా, పని చెడినట్టే. అంతకుముందే నువ్వు ప్రతి గుమ్మం ఎక్కాలి. అల్లుణ్ణి తీసుకెళ్లు, ఒక చిన్న ప్లాన్ బొమ్మ పట్టుకెళ్లు. "మీకేం ఇబ్బంది అనిపిస్తోంది?" అని అడిగి ఊరుకో, వాళ్లనే మాట్లాడనివ్వు.

ఇది మర్యాద కోసమే కాదు, లెక్క కూడా ఉంది. 1920లలో ఫెడరల్ వాణిజ్య శాఖ తయారుచేసిన నమూనా చట్టంలో ఒక నిబంధన పెట్టారు. చుట్టూ ఉన్న భూమిలో 20 శాతం యజమానులు రాతపూర్వకంగా వద్దంటే, జోన్ మార్పుకి కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు కావాలి. చాలా రాష్ట్రాలు దాన్నే తీసుకున్నాయి. నార్త్ కరోలినా 2015లో తీసేసింది. మీ రాష్ట్రంలో ఎలా ఉందో కనుక్కో. ఏడుగురి కౌన్సిల్‌లో నాలుగు ఓట్లు చాలేచోట ఆరు కావాలన్నమాట. ఒకరు సెలవులో ఉన్నా ఆరే కావాలి.

లెక్కేది తలల్ని కాదు, భూమిని. నీ స్థలం చుట్టూ లెక్కలోకి వచ్చే భూమి 10 ఎకరాలుంటే 2 ఎకరాలు చాలు. ఎకరంలో ఐదోవంతు స్థలాలున్నవాళ్లు పదిమంది సంతకాలు పెట్టినా ఒకటే, వెనక రెండున్నర ఎకరాలున్న ఒక్క చర్చి పెట్టినా ఒకటే. కౌంటీ మ్యాప్ తీసి ఎవరికెంత ఉందో కాగితం మీద రాసుకుని, పెద్ద ముక్కవాళ్ల గుమ్మం ముందు ఎక్కు.

వాళ్లకి ఉండే భయం ఒకటే, పొద్దున్న కార్లు. దానికి మాటలతో జవాబు చెప్పకు. మూడు పనిదినాలు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ మూలన నిలబడి కార్లు లెక్కపెట్టు. లైనులో ఒక కారుకి 20 నుంచి 25 అడుగులు పడుతుంది. ఒకేసారి ఎనిమిది కార్లు వస్తే 200 అడుగుల దాకా నీ ఆవరణలోనే పట్టాలి, తోక రోడ్డు మీదికి రాకూడదు. పట్టకపోతే ఆ స్థలం డేకేర్‌కి పనికిరాదని నీకే తెలిసిపోతుంది, అప్పుడు అప్లికేషనే అక్కర్లేదు.

కౌన్సిల్ సభ్యులకి ఫోన్ చెయ్యొచ్చా అన్నావు. ముందు సిటీ వాళ్లని అడుగు. చాలా రాష్ట్రాల్లో జోన్ మార్పుని చట్టం చేయడంగానే చూస్తారు, కలిసి మాట్లాడొచ్చు. ఒరెగన్‌లో మాత్రం 1973 నాటి ఫసానో తీర్పు నుంచి ఒక్క స్థలం మార్పుని కోర్టు విచారణలాంటిదిగా చూస్తారు. అలాంటిచోట చాటుగా మాట్లాడితే నీ కేసుకే ముప్పు.

హియరింగ్‌లో నీకు కొద్ది నిమిషాలే ఇస్తారు. నీ కష్టం, నీ పెట్టుబడి చెప్పకు, అవి వాళ్లు లెక్కలోకి తీసుకోకూడదు. ప్లాన్‌కి ఎలా సరిపోతుందో, కార్లు ఎక్కడ ఆగుతాయో, ఏ షరతులు రాసిస్తావో చెప్పు. మనవాళ్లు ముప్పై మైళ్ల నుంచి కార్లేసుకుని అభిమానంగా వస్తారు. వద్దని చెప్పు. పక్కింటివాళ్లు ఒక్కరు లేచి "మాకు అభ్యంతరం లేదు" అంటే అదే పదివేలు. ప్లానింగ్ కమిషన్ చాలాచోట్ల సిఫార్సు మాత్రమే చేస్తుంది, అక్కడ గెలిచామని సంబరపడకు, ఓడామని కూలబడకు.

కౌన్సిల్ రోజున ఓట్లు చాలవనిపిస్తే, లేదా ఇద్దరు సభ్యులు రాకపోతే, వాయిదా అడుగు. అదీ కుదరకపోతే ఓటింగ్‌కి ముందే అప్లికేషన్ వెనక్కి తీసుకో. ఓటులో ఓడితే ఏడాదిదాకా మళ్లీ అడగనివ్వని ఊళ్లు బోలెడు. కోర్టుకెళ్దామంటావేమో, గడువు కొన్నిచోట్ల 30 రోజులే. పైగా 1926లో యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ అధికారాన్ని ఖాయం చేసినప్పటి నుంచీ, రెండువైపులా వాదించదగ్గ విషయమైతే కోర్టులు ఊరి నిర్ణయానికే వదిలేస్తున్నాయి.

ఆ స్థలం సర్వే కాపీ, ఇప్పటి జోన్ పేరు, ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాప్ నాకు పంపు. ఆదివారంలోగా ఆ పట్టిక నేనూ చదివి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకు.

మీ బాబాయి