తాగకపోయినా పబ్బుకి వెళ్లు

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ పల్లెలో ఇల్లు తీసుకున్నారని అక్క చెప్పింది. ఊళ్లో షాపు కూడా లేదని, ఉన్నదల్లా చర్చీ, పబ్బూనే అని సిరీష దిగులు పడుతోందట. పబ్బు ఉందిగా, ఇంకేం! హైదరాబాద్ పబ్బుల్ని మనసులోంచి తీసెయ్. ఇక్కడ డీజే ఉండడు, చలిమంట ముందు ఓ కుక్క పడుకుని ఉంటుంది. అదే ఆ ఊరి రచ్చబండ.

నువ్వు మందు ముట్టవని తెలుసు. లైమ్ అండ్ సోడా అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. వారం వారం ఒకే సాయంత్రం వెళ్లు, క్విజ్ ఉన్న రోజైతే మరీ మంచిది. మూల టేబుల్ పట్టుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఏడాదైనా కొత్తవాడివే. కాసేపు బార్ దగ్గరే నిలబడు. చివర్లో ఉన్న స్టూల్ మీద మాత్రం అడక్కుండా కూర్చోకు, దానికి ఎవరో ఒక పెద్దాయన ఏళ్లుగా అలవాటు పడి ఉంటాడు. మాట కలపాలంటే వాతావరణం, లేదా ఆ కుక్క. జీతం, ఇంటి ధర మాత్రం అడగొద్దు. మనవాళ్లకి అదో జబ్బు.

ఆర్డర్ కోసం టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, నువ్వే వెళ్లాలి. క్యూ కనబడదు కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. నీ వంతు కాకుండానే నిన్ను అడిగితే "ముందు ఆయన" అని చూపించు. నోటు ఊపుతూ పిలవకు.

అన్నిటికన్నా ముఖ్యం రౌండ్. నలుగురిలో ఒకరు అందరికీ కొంటే, తర్వాత మిగతావాళ్లూ వంతులవారీగా కొనాలి. నీది సోడాయే అయినా నీ వంతు ఎగ్గొట్టకు, అది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. అంత ఖర్చెందుకనిపిస్తే మొదటి గ్లాసుకే "నాది నేను తెచ్చుకుంటా" అనేసెయ్.

ఎవరైనా చుట్టాలొచ్చి పొడుగాటి పంపు పిడి లాగి పోసే ఏల్ అనే బీరు తాగితే, "బీరు చల్లగా లేదేంటి" అననివ్వకు. సెల్లార్లో పీపాని 12 డిగ్రీల దగ్గర ఉంచుతారు, దాని రుచే అంత. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, అలవాటు లేనివాళ్లకి సగం చాలు. తిండి సంగతి: వంటగది మధ్యాహ్నం రెండింటికల్లా కట్టేసే చోట్లున్నాయి. చిప్స్, అంటే ఇక్కడ లావుపాటి బంగాళాదుంప వేపుడు ముక్కలు, ఎందులో వేయిస్తారో అడుగు. మీ వైపు గొడ్డు కొవ్వులో వేయించడం మామూలే.

ఇంకో మాట. ఇలాంటి పబ్బులు చాలా మూతపడుతున్నాయి. మీ వైపే రిచ్‌మండ్ దగ్గర హడ్స్‌వెల్‌లో జార్జ్ అండ్ డ్రాగన్ 2008లో మూతపడితే, 2010లో ఊరివాళ్లే డబ్బులు పోగేసి కొన్నారు. లోపలే చిన్న షాపు, లైబ్రరీ పెట్టుకున్నారు. 2016కి కామ్రా అనే బీరు ప్రియుల సంఘం వాళ్ల జాతీయ ఉత్తమ పబ్ అవార్డు దానికే వచ్చింది. ఊరికి ముఖ్యమైన ఆస్తిగా పబ్బుని నమోదు చేయించుకునే వీలు 2011 చట్టం తెచ్చింది. నమోదైతే, అమ్మకానికి వచ్చినప్పుడు డబ్బు కూడగట్టుకోవడానికి ఊరి తరఫున కొన్ని నెలల గడువు అడగొచ్చు. మీ పబ్బు నమోదైందో లేదో ప్యారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) క్లర్క్‌ని అడుగు, కాకపోతే తర్వాతి మీటింగులో నువ్వే ఆ మాట ఎత్తు.

సిరీషకి, పాపకి నా ఆశీస్సులు.

మీ మామయ్య