కుక్కరు మోసుకుని సముద్రం చూడబోయినవాడి లెక్కలు

తమ్ముడూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇటలీకొచ్చి తొరీనోలో దిగి నెలన్నర కాలేదు, అప్పుడే నవంబరు 1 సెలవు కలుపుకుని నలుగురూ చింక్వె తెర్రె అనే సముద్రపు ఒడ్డు ఐదు ఊళ్లూ, ద్రాక్షతోటల ఊళ్లూ రైల్లో చుట్టి రావాలంటున్నారు. మంచిదే. ఐదు ఊళ్లలో ఏది బాగుంటుందని అడిగావు. ఐదూ బాగుంటాయి. కొండకు అతికించినట్టు రంగురంగుల ఇళ్లు, కింద సముద్రం, ఫోన్‌లో చూసిన ఫొటోల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అసలు అడగాల్సింది అది కాదు. ఎంతవుతుంది, ఆ డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుంది అని అడగాలి. ఆ ముక్క నువ్వు చిట్టచివర ఒక్క లైనులో అడిగావు. నేను దాని గురించే చెప్తాను.

నేను 2012 సెప్టెంబరులో వచ్చాను. అప్పట్లో యూరో డెబ్బై రూపాయల చుట్టూ ఉండేది. తెనాలి నుంచి వస్తూ ఒక రూళ్ల నోట్‌బుక్కు తెచ్చుకున్నా. ఎడమవైపు యూరోలు, కుడివైపు రూపాయలు. కాఫీ తాగితే కుడివైపు డెబ్బై అని రాసేవాణ్ణి, ఆ అంకె చూసి రెండో కాఫీ మానేసేవాణ్ణి. చదువు కోసం తెచ్చిన అప్పు ఇంటి మీద ఉంది. ఈ రోజుల్లో మీరు ఫోన్ తాకిస్తే డబ్బు పోతుంది, పోయినట్టే తెలియదు. మాకు ప్రతి రూపాయీ కనపడేది.

అక్టోబరు చివర్లో నేనూ, నా గదిలో ఉండే గుంటూరు కుర్రాడూ ఇదే ట్రిప్పు పెట్టుకున్నాం. ఖర్చు తగ్గించే బాధ్యత నాది. సంచిలో ఏం సర్దానో చెప్తే నవ్వుతావు: లీటరు రైస్ కుక్కరు, రెండు కిలోల బియ్యం, గోంగూర పచ్చడి సీసా, కందిపొడి. గది తీసుకోలేదు. రాత్రికి ఆ ఊళ్ల పక్కనున్న లా స్పెత్సియా స్టేషన్‌లో పడుకుంటే సరిపోతుందని తేల్చాను. మన దగ్గర వెయిటింగ్ రూముల్లో, ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరిచి ఎన్ని రాత్రులు గడపలేదు!

మొదటి దెబ్బ రైల్లోనే తగిలింది. మెషిన్‌లో టికెట్లు కొన్నాం, దర్జాగా కూర్చున్నాం. టికెట్ తనిఖీ ఆయన వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, దీని మీద ముద్ర ఏది అన్నాడు. ఇక్కడ ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌కి అప్పట్లో తేదీ ఉండేది కాదు, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మెషిన్‌లో మనమే ముద్ర వేసుకోవాలి. ఎవరూ చెప్పలేదండీ అని ఇంగ్లీషులో, తెలుగులో, చేతులతో చెప్పాను. ఆయన పాపం కోప్పడలేదు, రసీదు రాసిచ్చాడు. మనిషికి యాభై. నోట్‌బుక్కులో కుడివైపు 3,500 అని రాస్తుంటే నా చెయ్యి వణికింది. మీరు ఫోన్‌లో కొంటారు కాబట్టి ముద్ర గొడవ లేదు, కానీ అందులో చెక్-ఇన్ నొక్కడం ఒకటుంటుంది. నొక్కకపోతే అదీ ముద్ర వేయని టికెట్ లాంటిదే.

రెండోది ఆ ఐదు ఊళ్లలో ఒకటైన వెర్నాత్సాలో. జెనోవా నుంచి లా స్పెత్సియా వెళ్లే ఈ లైను 1874లో పూర్తయింది. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి కాబట్టి దారంతా సొరంగాలే, మన అరకు రైలు గుర్తొస్తుంది. స్టేషన్లకు చోటు లేక ప్లాట్‌ఫారంలో కొంత భాగం సొరంగం లోపలే ఉంటుంది. మేం చివరి పెట్టెలో ఉన్నాం. రైలు ఆగింది, బయట చీకటి. సిగ్నల్ లేదేమో అనుకుని మాట్లాడుకుంటూ కూర్చున్నాం. తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది, మాతో పాటు ఎక్కినవాళ్లంతా వెర్నాత్సాలో వెలుతురున్న వైపు దిగి నవ్వుకుంటూ పోతున్నారు. ఆ ముందు ఏడాది, 2011 అక్టోబరు 25న, ఆ ఊరి వీధిలోంచే వరద బురద కొట్టుకొచ్చింది. ఏడాదిలో ఎలా నిలబెట్టుకున్నారో చూద్దామని నా ఆశ. ఆ రోజుకు కిటికీలోంచి కూడా చూడలేకపోయాను.

తర్వాతి స్టేషను కొర్నీల్యా. ఐదు ఊళ్లలో సముద్రానికి ఆనుకుని లేని ఊరు ఇదొక్కటే, కొండ మీద ఉంటుంది. స్టేషన్ కింద, ఊరు పైన. మధ్యలో మెలికలు తిరుగుతూ దాదాపు 380 మెట్లు. పక్కనే చిన్న బస్సు నిలబడి ఉంది, ఎక్కితే నిమిషాల్లో పైన ఉంటాం. నేను బస్సు వైపు చూశాను, నోట్‌బుక్కు వైపు చూశాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి, ఇవొక లెక్కా అన్నాను. తిరుమలకి ఎవడూ కుక్కరు మోసుకుని ఎక్కడన్న సంగతి నూరో మెట్టు దగ్గర తెలిసొచ్చింది. రెండొందల దగ్గర గుంటూరు కుర్రాడు సంచి నేల మీద పెట్టి, “అన్నా, ఈ బియ్యం ఇక్కడే పక్షులకు వేసేద్దాం” అన్నాడు. వెయ్యనివ్వలేదు. పైకెక్కాక ఒక కాఫీ కొట్టులో కుక్కరు చూపించి, ప్లగ్గు ఎక్కడన్నా దొరుకుతుందా అని అడిగాను. కొట్టు ఆయన చూపుడు వేలు ఎడమకీ కుడికీ ఆడించాడు, అంతే. ఆఖరికి ఫొకాచ్చా రొట్టె కొనుక్కుని పచ్చడితో తిన్నాం. ఆ రెండు కిలోల బియ్యం అన్ని మెట్లూ ఎక్కి దిగి ఒక్క గింజ తగ్గకుండా తొరీనో తిరిగొచ్చాయి.

ఆ ఐదింటిలోవే రియోమజ్జోరె, మనరోలాల మధ్య వియా దెల్లామోరె అని ప్రేమికుల దారి ఉంది, కిలోమీటరు కూడా ఉండదు. మేం వెళ్లేసరికి గేటు వేసి ఉంది. అంతకు నెల ముందే అక్కడ కొండరాళ్లు విరిగిపడి టూరిస్టులకు గాయాలయ్యాయి. మళ్లీ జనాన్ని అనుమతించింది 2024లో. తెరిచాక మా ఆవిణ్ణి తీసుకెళ్లాను. దానికి విడిగా డబ్బు కట్టి, ముందే సమయం బుక్ చేసుకోవాలి. నడక అయిపోయాక మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి, “పన్నెండేళ్లు చెప్తూ వచ్చింది ఇదేనా” అంది. మీ నలుగురిలో ప్రేమికులు లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇక ఆ రాత్రి. అర్ధరాత్రి దాటాక లా స్పెత్సియాలో వెయిటింగ్ రూముకి తాళం వేశారు. మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు, తలుపు చూపించారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. అక్టోబరు చివర, సముద్రపు గాలి, పైన తుంపర. కుక్కరు చుట్టిన తువ్వాలు తీసి కుర్రాడికి కప్పాను. తెల్లారేసరికి వాడికి జ్వరం. మందుల షాపు తెరిచేదాకా ఆగి మాత్రలు కొని, ఏమీ చూడకుండా ఇంటికి బయల్దేరాం. తర్వాత లెక్క వేశాను. హాస్టల్ మంచం మనిషికి పాతిక యూరోలు, దాన్ని మిగిల్చాను. జరిమానా, మందులు, రాత్రి వణుకు తగ్గడానికి మెషిన్‌లో తాగిన ఏడు కాఫీలు, చూడకుండా వచ్చేసిన రెండో రోజు. కుర్రాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు, దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను.

అందుకని గది దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. ఐదు ఊళ్లలోపల కాదు, అక్కడ గదులు తక్కువ, ధరలు కొండెక్కి ఉంటాయి. అటు చివర లెవాంతో, ఇటు చివర లా స్పెత్సియా. వంటిల్లున్న ఫ్లాటు నలుగురూ పంచుకుంటే హాస్టల్ కన్నా పెద్ద తేడా ఉండదు. ఊరి పన్ను అని తలకి ఇంత, రాత్రికి ఇంత విడిగా వసూలు చేస్తారు, చూసిన ధరకి అది కలుపుకో. ఈ రెండు చివరల మధ్య తిరిగే రైలుకి సీజన్‌లో ఒక స్టేషన్ దూరమైనా, మొత్తం దూరమైనా ఒకటే ధర, అది తక్కువేం కాదు. రోజుకి చాలాసార్లు ఎక్కి దిగేట్టయితే రైలూ కాలిబాటలూ కలిపి ఇచ్చే కార్డు కొనడమే లాభం, కొర్నీల్యా బస్సు కూడా అందులోనే. ధరలు రోజును బట్టి మారతాయి, చింక్వె తెర్రె పార్కు వెబ్‌సైటులో ఉంటాయి. చెప్పులతో కాలిబాట ఎక్కితే జరిమానా ఉంది, బూట్లు వేసుకోండి.

నన్నడిగితే నవంబరు 1 కాకుండా ఒక వారం ఆగి వెళ్లమంటాను. పండగ సెలవుల్లో ఇటలీ వాళ్లందరూ అక్కడే ఉంటారు. వారం ఆగితే గదులు దిగుతాయి, సీజన్ రైలు ధర కూడా అయిపోతుంది. వాన రావచ్చు, ఆ తీరంలో వానలకి అదే కాలం. ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇస్తే కాలిబాటలు మూసేస్తారు. గొడుగు ఐదు యూరోలు, గదిలో మిగిలేది అంతకంటే ఎక్కువ.

ద్రాక్షతోటల విషయంలో నేను చేసింది ఇంకో తెలివితక్కువ పని. బరోలో వైన్ పేరు విని, ఆ పేరుతో ఊరుంది కాబట్టి స్టేషనూ ఉంటుందనుకున్నా. బ్రా మీదుగా ఆల్బా దాకా రైల్లో వెళ్లి, ఆదివారం పూట దిగి, బరోలో రైలు ఏ ప్లాట్‌ఫారం అని అడిగాను. అక్కడికి రైలే లేదు. ఆదివారం కాబట్టి బస్సూ లేదు. టాక్సీ ఆయన చెప్పిన రేటుని డెబ్బైతో గుణించి, ఆయనకి నమస్కారం పెట్టి, స్టేషన్ ఎదురుగా ఐస్‌క్రీం తిని వచ్చేశా. బరోలో ఉన్న ఆ లాంగె కొండల తోటలు 2014లో యునెస్కో జాబితాకెక్కాయి. అప్పట్నుంచి అక్కడ గ్లాసు ముట్టుకుంటే డబ్బే. అక్టోబరు, నవంబరుల్లో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ పుట్టగొడుగుల సంత కూడా నడుస్తుంది, అది గ్రాముల్లో తూచి అమ్మే సరుకు. విద్యార్థులకి ఆ రోజుల్లో ఆ ఊళ్లో పనిలేదు.

మీరు దిగాల్సింది ఆస్తి. నవ్వకు, ఆ ఊరి పేరు పలకడం అచ్చం మన ఆస్తి లాగే. తొరీనో నుంచి జెనోవా వెళ్లే దారిలోనే ఉంటుంది, స్టేషన్ నుంచి ఊరి మధ్యకి నడిచిపోవచ్చు. తియ్యటి మొస్కాతో అక్కడిదే, ఐదు శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి మొదటిసారి తాగేవాడు కూడా తిన్నగా రైలెక్కగలడు. రైతుల సహకార సంఘాల దుకాణాల్లో వైన్ విడిగా కొలిచి అమ్ముతారు, డబ్బా మనం పట్టుకెళ్తే పట్టిస్తారు, మన కిరాణా కొట్లో విడి నూనెలా. ఈ సంగతి నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది.

ఇంకోమాట, తోట చూడటమే మీ కోరికైతే మనరోలా చాలు. ఊరు దాటి పైకి నడిస్తే సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా ద్రాక్ష. కోసిన పళ్లు దింపడానికి ఒంటి పట్టా మీద దంతాల చక్రంతో పాకే బుల్లి బండి ఉంటుంది, నేను అరగంట నిలబడి చూశాను. ఆ పళ్లని ఎండబెట్టి షక్కెత్రా అని తీపి వైన్ చేస్తారు. చిన్న సీసా ధర చూసి మళ్లీ ఆ షెల్ఫులోనే జాగ్రత్తగా పెట్టేశాను.

మీలో ఒకరు శాకాహారి అన్నావు. అక్కడి పెస్తో అనే ఆకుల పచ్చడిలో వేసే చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో చేస్తారు, పట్టింపు ఉంటే చీజ్ లేకుండా ఉందా అని అడగాలి. ఫరినాతా అని శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పుతో కాల్చే అట్టు ఉంటుంది, అది నిశ్చింతగా తినొచ్చు, చవక కూడా. హోటల్లో కూర్చుంటే కొపెర్తో అని తలకి ఒకటో రెండో యూరోలు బిల్లులో కలుస్తాయి. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు.

పర్మెస్సో కార్డు, అదే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఇంకా రాలేదు, రసీదే ఉంది అని టెన్షన్ పడకు. అదీ, పాస్‌పోర్టూ దగ్గర ఉంచుకో, ఇటలీలో తిరగడానికి చాలు. సరదాగా ఫ్రాన్స్ సరిహద్దు దాటొద్దామనిపిస్తే ముందు రూల్స్ చదువుకో. షోపెరో అన్న మాట స్టేషన్‌లో వినిపిస్తే సమ్మె అని అర్థం. పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 ప్రాంతీయ రైళ్లు కొన్ని నడపాలి, తిరుగు ప్రయాణం ఆ వేళకి పెట్టుకో.

ఫ్లాటు తీసుకుంటే కుక్కరు పట్టుకెళ్లండి, ఒక పూట హోటల్ భోజనం నలుగురికి తప్పుతుంది. కొనక్కర్లేదు, నా దగ్గర ఆ 2012 నాటిదే ఉంది. మూత చొట్టపోయింది గానీ అన్నం అవుతుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు, మళ్లీ తెచ్చి ఇచ్చెయ్యాలి.