అమ్మ ఉండే అసిస్టెడ్ లివింగ్‌లో ఫీజు పెంచినప్పుడు

అమెరికాలో వృద్ధులు గది తీసుకుని ఉంటూ రోజువారీ పనులకు సాయం పొందే అసిస్టెడ్ లివింగ్‌లో ఉన్న తల్లికో తండ్రికో నెల ఫీజు పెంచామని ఉత్తరం రాగానే, పేచీ పెట్టుకుంటే రేపు మనిషిని సరిగా చూడరేమోనన్న భయంతో మనవాళ్లు చాలామంది నోరు మెదపకుండా కట్టేస్తారు. కాలిఫోర్నియాలో మా అమ్మను చేర్చిన రెండో ఏడు నెలకు 850 డాలర్లు పెరిగినప్పుడు నేనూ రెండు నెలలు అలాగే కట్టాను. ఆ తర్వాతే అడగవలసిన తీరు తెలిసింది.

ముందుగా పెరిగింది ఏదో చూసుకోండి. గదికీ భోజనానికీ కలిపి తీసుకునే మూల రుసుము ఒకటి. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మందులివ్వడం వంటి పనులకు వేసే కేర్ లెవెల్ రుసుము మరొకటి. ఎప్పుడూ నర్సుల సంరక్షణ ఉండే నర్సింగ్ హోమ్‌లకు ఉన్నట్టు అసిస్టెడ్ లివింగ్‌లకు సమగ్రమైన ఫెడరల్ నిబంధనలు లేవు కనుక మీ రాష్ట్ర చట్టమే ఆధారం. కాలిఫోర్నియాలో మూల రుసుము పెంచాలంటే, అంతకుముందు 60 రోజులుగా ఉన్న ముందస్తు నోటీసు గడువు 2025 నుంచి 90 రోజులైంది. పెంపు అమల్లోకి రావడానికి కనీసం అన్ని రోజుల ముందు కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలి. కేర్ లెవెల్ మారినందుకైతే ఆ గడువు వర్తించదు కాని, కొత్త సేవలు మొదలైన రెండు పనిదినాల్లోగా ఏయే పనులు అదనంగా చేస్తున్నారో, దేనికెంత తీసుకుంటున్నారో విడివిడిగా రాసి ఇవ్వాలి. మూల రుసుము ఇంతకు మించి పెంచకూడదన్న పరిమితి లేదు కనుక, మనం గట్టిగా నిలబడగలిగేది ఈ రెండోదాని దగ్గరే.

కేర్ లెవెల్‌ను, మనిషికి ఏయే పనుల్లో సాయం కావాలో అంచనా వేసి రాసే అసెస్‌మెంట్ కాగితం నిర్ణయిస్తుంది. ఆ కాగితం ప్రతి ఇవ్వమని ఈమెయిల్‌లో అడగండి. మా అమ్మ కాగితంలో మూడు అంశాలు మారాయి. తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత స్నానానికి సాయం కావాలన్నది నిజమే. భోజనానికి సాయం కావాలన్నది మాత్రం, ఆవిడ చెంచా పక్కనపెట్టి చేత్తో అన్నం కలుపుకోవడం చూసి రాసింది. జ్ఞాపకశక్తి తగ్గిందన్నది, ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నలకు ఆవిడ నవ్వి ఊరుకున్నందుకు రాసింది. జీవితమంతా తెలుగులోనే మాట్లాడిన మనిషి మౌనాన్ని మతిమరుపుగా లెక్కగట్టడం నన్ను డబ్బుకంటే ఎక్కువ బాధించింది. ఆ రాత ఆవిడ వైద్యంలోకీ పాకుతుంది. అందుచేత అసెస్‌మెంట్ రోజున మీరో, తెలుగు దుబాసీయో పక్కన ఉండేలా ముందే రాసి కోరండి.

నేను రెండు వారాలపాటు వేర్వేరు వేళల్లో వెళ్లి, ఎవరు ఏ పని చేస్తున్నారో తేదీతో రాసుకున్నాను. అమ్మ డాక్టరు చేత, తనంతట తాను తినగలదని, జ్ఞాపకశక్తిని తెలుగులోనే పరీక్షించాలని ఉత్తరం రాయించాను. ఆ రెండూ పట్టుకుని కేర్ ప్లాన్ సమావేశం కోరితే, తెలుగు దుబాసీతో మళ్లీ అసెస్‌మెంట్ చేసి ఆ రెండు అంశాలూ తీసేశారు. స్నానం రుసుము ఉంచారు. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు.

వివాదం నడుస్తున్నంతకాలం డబ్బు కట్టడం ఆపకండి. మూల సేవల రుసుము గడువు దాటిన పది రోజుల్లోగా కట్టకపోతే, కాలిఫోర్నియాలో 30 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నామని ప్రతి నెలా రాసి పెట్టండి. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఈ గది అద్దెకూ రోజువారీ సంరక్షణకూ డబ్బివ్వదు కనుక అక్కడ తిరిగి కాలం పోగొట్టుకోవద్దు.

మాటల్లో తేలకపోతే, ఇలాంటి చోట్ల ఉండేవారి ఫిర్యాదులు విని వారి తరఫున నిలబడే లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్‌ను పిలవండి. ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద ప్రతి రాష్ట్రంలోనూ ఈ కార్యాలయం ఉంది. రుసుము తీసుకోరు, అనుమతి లేకుండా మీ పేరు గాని మీ అమ్మగారి పేరు గాని బయటపెట్టరు. మీ ప్రాంతపు కార్యాలయం ఎక్కడుందో వృద్ధుల సేవల వివరాలు చెప్పే ఎల్డర్‌కేర్ లొకేటర్ వారు 1-800-677-1116 నంబరులో చెబుతారు. నిబంధన ఉల్లంఘన అయితే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖకు విడిగా ఫిర్యాదు చేయాలి.

ఇవన్నీ అమ్మ తరఫున మీరు అడగడానికి, ఆవిడ బదులు వ్యవహరించే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ పత్రం మీ పేర ఉంటే మేలు. దాన్ని ఆవిడ చదివించుకుని, అర్థం చేసుకుని, సంతకం చేయగలిగిన రోజుల్లోనే రాయించండి.