వేడెక్కితే ఆగిపోయే ఇంజన్: క్రాంక్ సెన్సార్ మార్చే ముందు వేడి మీదే పరీక్షించండి

అరగంట నడిచాక బండి దానంతటదే ఆగిపోతోందని, సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతున్నా అందుకోవడం లేదని, చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతోందని రాశారు. స్కానర్‌లో పి0335 అనే లోపం కోడ్ వచ్చింది కాబట్టి క్రాంక్ సెన్సార్ (ఇంజన్‌లోని క్రాంక్ షాఫ్ట్ తిరగడాన్ని పసిగట్టి సిగ్నల్ పంపేది) మార్చేయాలా అని అడిగారు. రెండు నెలలు నేను పడ్డ బాధ అచ్చం ఇదే. సెన్సార్ మీద మీ అనుమానం సరైనదే కావచ్చు. కానీ కొనే ముందు, బండి మొరాయిస్తున్న ఆ కాసేపట్లోనే దాన్ని పరీక్షించండి. చల్లారాక చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నా బండికి మొదట్లో కోడ్ కూడా రాలేదు. ఆగిపోయినప్పుడు ఫ్యూయల్ పంప్ శబ్దం వినిపించడం లేదని మెకానిక్ పంప్ మార్చాడు. వారంలో మళ్ళీ నడిరోడ్డు మీద ఆగింది. అసలు సంగతి తర్వాత అర్థమైంది. ఇంజన్ తిరుగుతున్నట్టు సెన్సార్ నుంచి సిగ్నల్ రాకపోతే చాలా బండ్లలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పంప్‌నీ ఆపేస్తుంది, స్పార్క్‌నీ ఆపేస్తుంది. పంప్ పనిచేయకపోవడం రోగం కాదు, రోగలక్షణం.

నాకు దారి చూపించింది ఆర్‌పీఎం ముల్లు. గేర్‌లో బండి ఇంకా దొర్లుతూనే ఉంది, అంటే ఇంజన్ తిరుగుతూనే ఉంది, అయినా ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. పెట్రోల్ అందక ఆగేటప్పుడు అది ఇంజన్ వేగంతో పాటే దిగుతుంది. మీరూ ఈసారి గమనించండి. స్కానర్ ఉంటే సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడండి. మామూలుగా 200 దరిదాపుల్లో కనిపించాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే సిగ్నల్ రావడం లేదన్నమాట.

తర్వాత మల్టీమీటర్. నాది రెండు వైర్ల సెన్సార్, లోపల ఉండేది సన్నటి రాగితీగ చుట్ట. చల్లగా ఉన్నప్పుడు 850 ఓమ్‌లు చూపించింది, అది సరైన విలువే. ఆగిపోయిన వెంటనే కనెక్టర్ తీసి కొలిస్తే తీగ తెగిపోయినట్టే చూపించింది. వేడికి లోపలి తీగ విడిపోయి, చల్లారాక మళ్ళీ అతుక్కుంటోంది. సరైన విలువ బండిని బట్టి మారుతుంది, మీ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. మూడు వైర్లుంటే అది హాల్ రకం (రాగిచుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్‌తో పనిచేసేది) కావచ్చు. దాన్ని ఓమ్‌లలో కొలవకండి. కనెక్టర్ దగ్గర 5 లేదా 12 వోల్టుల సరఫరా, ఎర్త్ ఉన్నాయో లేదో చూసి, సెల్ఫ్ కొట్టేటప్పుడు సిగ్నల్ వైరులో వోల్టేజ్ మారుతోందో లేదో గమనించాలి. కొన్ని రాగిచుట్ట సెన్సార్లకు కూడా మూడో వైరు ఉంటుంది, అది షీల్డ్ కోసం, అంటే బయటి విద్యుత్ అలజడి సిగ్నల్‌లో కలవకుండా. అందుకే వైర్లు లెక్కపెట్టి రకం తేల్చేయకండి.

పి0335 అంటే సెన్సార్ పోయిందని కాదు, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో లోపం ఉందని. వైరు ఎగ్జాస్ట్‌కి తగిలి కాలినా, కనెక్టర్‌లోకి ఆయిల్ దిగినా ఇదే కోడ్ రావచ్చు. వైరుని కొంచెం కొంచెంగా కదుపుతూ మీటర్ చూడండి. సెన్సార్ బయటకు తీస్తే కొనకి ఇనుప రజను అంటుకుందేమో తుడవండి, ఎదురుగా ఉండే పళ్ళ చక్రంలో పన్ను ఏదైనా విరిగిందేమో చూడండి. అన్ని పళ్ళకీ మధ్య ఒకచోట ఖాళీ ఉంటే కంగారు పడొద్దు. చాలా ఇంజన్లలో 60 పళ్ళకి 2 కావాలనే వదిలేస్తారు, ఈసీయూ క్రాంక్ స్థానాన్ని దాంతోనే గుర్తిస్తుంది.

ఇవన్నీ వేడి ఇంజన్ మీద చేసేవి కాబట్టి జాగ్రత్త, గేర్ న్యూట్రల్‌లో ఉంచండి, ఫ్యాన్‌కీ బెల్టుకీ చేతులు దూరంగా పెట్టండి. మీ సెన్సార్‌కి ఎన్ని వైర్లున్నాయో, వేడి మీద ఏం రీడింగ్ వచ్చిందో రాయండి, తర్వాత ఎక్కడ చూడాలో చెప్తాను.